లాయరమ్మ జవాబులు: ‘మీరు ఆయనకేమవుతారు?’

పోయిన నెల ఒక జవాబులో మాటవరసకి, స్వలింగ జంటలకి మన దగ్గర పెళ్లి హక్కు లేదు గానీ అసలు హక్కులే లేవనుకోకండి అని ఒక ముక్క రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలొస్తాయనుకోలేదు. తిట్లు కూడా వచ్చాయి, అవి పక్కన పెట్టాను. మిగతావాటిలోంచి ఓ అరడజను ఈ వారం. ఊళ్లూ ఉద్యోగాలూ మార్చేశాను, ఎవరూ ఆరా తీయకండి.

అందరికీ పనికొచ్చేది ముందు చెప్పేస్తా, ప్రతి జవాబులోనూ మళ్లీ రాయనక్కర్లేకుండా. ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిసుంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పింది. పెళ్లి సంగతి మాత్రం మేం తేల్చలేం, అది పార్లమెంటు పని అని 2023 అక్టోబర్ 17న ఐదుగురు జడ్జీల బెంచ్ అంది. ఆ కేసు వేసినవాళ్లలో ముందు పేర్లు మన హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లవే. ఆ తీర్పుని మళ్లీ చూడమని వేసిన రివ్యూ పిటిషన్లు కూడా 2025 జనవరిలో కొట్టేశారు. అంటే కలిసుంటే తప్పు లేదు, కలిసున్నందుకు కాగితమూ లేదు. కింద వచ్చే కష్టాలన్నీ దాదాపు అక్కడ పుట్టినవే.

ప్రశ్న: మేడమ్, నేనూ నా పార్ట్‌నరూ (ఇద్దరం మగవాళ్లమే) తొమ్మిదేళ్లుగా మియాపూర్‌లో కలిసుంటున్నాం. ఫ్లాట్ అతని పేరు మీద ఉంది, ఈఎంఐ సగం నేనే కడుతున్నా. ఈమధ్య బండి మీంచి పడి అతనికి తొడ ఎముక విరిగింది. హాస్పిటల్లో ఫారం ఇచ్చి, ‘మీరు ఆయనకేమవుతారు?’ అని అడిగారు. రెండు నిమిషాలు పెన్ను పట్టుకుని నిలబడి, చివరికి ‘అన్నయ్య’ అని రాశాను. ఆ రాత్రి నుంచి ఒకటే టెన్షన్. అతనికేమన్నా అయ్యుంటే నా పరిస్థితి ఏంటి?

జవాబు: మీ భయం ఉత్త భయం కాదు. మొహమాటం లేకుండా చెప్తున్నా, ఆ రోజు అతను పోయుంటే మీ చేతిలో చట్టపరంగా ఏమీ ఉండేది కాదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లికాని మగవాడు వీలునామా రాయకుండా పోతే ఆస్తి మొత్తం తల్లిది. తల్లి లేకపోతే తండ్రిది, ఆయనా లేకపోతే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లది. ఆ వరసలో మీరెక్కడా రారు, తొమ్మిదేళ్లయినా తొంభై ఏళ్లయినా. వాళ్లమ్మగారు ఎంత మంచావిడ అయినా, కర్మకాండలు అయ్యాక బంధువులు కూర్చుని ‘ఈ అబ్బాయి ఎవరు, ఇంకా ఎన్నాళ్లుంటాడు’ అని మొదలుపెడతారు. నేను కళ్లారా చూశాను, పదకొండో రోజున తాళం మార్చేశారు.

కాబట్టి అతని కట్టు విప్పేలోపే వీలునామా రాయించండి. అతను మీకు, మీరు అతనికి. స్వార్జితం కాబట్టి ఎవరికి రాసినా అడిగేవాడు లేడు. స్టాంపు డ్యూటీ కూడా లేదు. ఇద్దరు సాక్షులుండాలి, మీ ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ల వీలునామాకి సాక్షి సంతకం పెట్టకండి. సాక్షులు మీకంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిది, ఇరవై ఏళ్ల తర్వాత కోర్టుకొచ్చి ‘అవును, మా ముందే సంతకం పెట్టాడు’ అని చెప్పడానికి వాళ్లు బతికుండాలి కదా. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి, ఎందుకంటే మీ వీలునామా మీద గొడవ వచ్చే అవకాశం మామూలువాళ్ల కంటే పదింతలు. మతి స్థిమితంగా ఉందని అదే రోజు తేదీతో ఒక డాక్టర్ సర్టిఫికెట్ జత చేయండి. వాళ్లమ్మగారికి కూడా ఎంతో కొంత రాయమనండి, డబ్బు కోసం కాదు, ‘తల్లిని మర్చిపోయేంతగా ఇతన్ని ఒత్తిడి చేశారు’ అనే వాదన లేవకుండా.

ఇక ఈఎంఐ. మీరు అడగలేదు గానీ నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఆస్తి కొనకూడదనేది బినామీ చట్టం. భర్త భార్య పేరు మీద కొంటే అది మినహాయింపు ఇస్తుంది, మీ ఇద్దరికీ ఇవ్వదు. ‘పేరు అతనిది, సగం డబ్బు నాది, సగం ఫ్లాటు నాది’ అని రేపు కోర్టులో అంటే ఆ మాట మీ మెడకే చుట్టుకోవచ్చు. మీరిస్తున్నది అప్పుగా రాసుకోండి. ప్రోనోటు చాలదు, దాని ఆయుష్షు మూడేళ్లే. లాయర్‌తో సరైన ఒప్పందం రాయించుకుని, నెలనెలా బ్యాంకు నుంచి బ్యాంకుకే పంపండి, చేతికి ఇవ్వకండి. సగం ఫ్లాటు గిఫ్ట్ డీడ్ చేసేస్తానంటాడేమో మీవాడు, ప్రేమకొద్దీ. వద్దు. కుటుంబసభ్యులకిచ్చే గిఫ్టుకి స్టాంపు డ్యూటీ తక్కువ, బయటివాళ్లకి ఎక్కువ, చట్టం దృష్టిలో మీరు బయటివాళ్లే. పైగా ఏడాదిలో 50,000 రూపాయలు దాటిన గిఫ్టు బంధువు కానివాళ్ల నుంచి వస్తే ఇన్‌కమ్ టాక్స్ మీరు కట్టాలి. మొగుడూపెళ్లాలకైతే ఒక్క రూపాయి లేదు. ఈ తేడా మీదే ఒక జంట బాంబే హైకోర్టుకి వెళ్లింది, 2025 ఆగస్టులో కోర్టు కేంద్రానికి నోటీసిచ్చింది. వీలునామాతో వస్తే మాత్రం ఈ పన్ను లేదు, అందుకే దాని మీద అంత పట్టుపడుతున్నా.

బ్యాంకు సంగతి కొంచెం నయం. స్వలింగ జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ రాతపూర్వకంగా చెప్పింది. కౌంటర్లో కుర్రాడికి తెలియకపోతే మేనేజర్ దగ్గరికి వెళ్లండి. రేషన్ కార్డులో కూడా ఇద్దరినీ ఒకే ఇంటివాళ్లుగా చూడమని రాష్ట్రాలకి ఉత్తరాలెళ్లాయి. కానీ నామినీ అంటే డబ్బు చేతికి అందుకునేవాడే గానీ సొంతదారు కాడు, వారసులు అడిగితే తిరిగివ్వాల్సి రావచ్చు. సుప్రీంకోర్టు ఈ మాట 1983లోనే ఇన్సూరెన్స్ కేసులో చెప్పింది. అందుకని నామినేషన్ పెట్టిన ప్రతిదీ వీలునామాలోనూ రాయండి. పీఎఫ్‌లో ఇంకో మెలిక ఉంది, మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులుంటే వాళ్లని కాదని బయటివాళ్ల పేరు రాసినా చెల్లదు. దానికి దారి లేదు, వదిలేయండి.

హాస్పిటల్ ఫారం. అతనికి స్పృహ ఉంటే సంతకం అతనిదే, మీదీ కాదు వాళ్లమ్మగారిదీ కాదు. ప్రాణం మీదికొస్తే ఎవరి సంతకం కోసమూ డాక్టర్లు ఆగనక్కర్లేదు. మధ్యలో ఉండే పరిస్థితుల కోసం, నా వైద్యం విషయాల్లో నా తరఫున మాట్లాడాల్సింది ఫలానా వ్యక్తి అని అతనితో రాయించి నోటరీ చేయించండి, మీరూ రాసివ్వండి. హాస్పిటల్ తప్పకుండా ఒప్పుకోవాలని లేదు, కానీ కాగితం చూపిస్తే మాట తీరు మారుతుంది. వెంటిలేటర్ లాంటి నిర్ణయాల కోసం రాసే ముందస్తు పత్రానికి మాత్రం చట్టబద్ధత ఉంది. 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుని, 2023 జనవరిలో తేలిక చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసర్ గానీ చాలు. అందులో మీ పేరు రాయొచ్చు.

‘అన్నయ్య’ అని రాశారని సిగ్గుపడకండి. కానీ ఇకమీద రాయకండి. ఇన్సూరెన్స్ క్లెయిములో ఇంటిపేర్లు వేరుగా కనబడితే ఆ అబద్ధం కోసం ఇంకో నాలుగు అబద్ధాలు కావాలి.

ప్రశ్న: అక్కా, నాకు 24, తనకి 22. విశాఖలో ఒకే హాస్టల్, తర్వాత ఒకే గది. మా విషయం వాళ్లింట్లో తెలిసి, నాన్నకి బాగోలేదని పిలిపించి ఫోన్ లాగేసుకున్నారు. భీమవరం దగ్గర పల్లెటూరు. వేరే నంబర్ నుంచి ఒక్కసారి మాట్లాడింది, సంబంధాలు చూస్తున్నారంట. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే ‘నువ్వెవరు, అది వాళ్లింటి విషయం’ అన్నారు. నేను నిజంగా ఎవరూ కానా?

జవాబు: స్టేషన్లో అలా అంటారమ్మా, కానీ హైకోర్టులో అనరు. నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే హెబియస్ కార్పస్ పిటిషన్ వేయడానికి రక్తసంబంధం అక్కర్లేదు, స్నేహితురాలు వేయొచ్చు. ఇది గాలికి చెప్తున్న మాట కాదు. 2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి అచ్చం ఇలాంటి కేసే వచ్చింది. విజయవాడలో కలిసుంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం ఇంటికి తీసుకెళ్లి ఉంచేశాడు, రెండో అమ్మాయి పిటిషన్ వేసింది. కోర్టు ఆ అమ్మాయిని పిలిపించి అడిగింది, ఆమె మేజర్, తన ఇష్టం వచ్చిన చోట, ఇష్టమైన మనిషితో ఉండొచ్చని పంపించేసింది. 2025 మేలో వేలూరు అమ్మాయిల కేసులో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే దారి కాదని రాసింది.

పనిలో పడదాం. నీకు ముందు కావల్సింది తను మేజరని రుజువు, టెన్త్ మెమో ఫోటో గానీ ఆధార్ గానీ నీ ఫోన్లో ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుకు. తర్వాత, తనకి అక్కడ ఉండటం ఇష్టం లేదని తన మాటల్లో ఉన్నది ఏదైనా, మెసేజ్, వాయిస్, ఆ కాల్ వచ్చిన నంబరూ టైమూ. అవన్నీ రెండు చోట్ల దాచు. జిల్లా ఎస్పీకి మెయిల్ పెట్టు, వాళ్లేం చేయకపోయినా ‘చెప్పాను, పట్టించుకోలేదు’ అని హైకోర్టులో చూపించడానికి పనికొస్తుంది. లాయర్ ఫీజుకి డబ్బుల్లేవని ఆగకు, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు.

నీకు ఇంకో భయం ఉండుంటుంది, కోర్టులో అమ్మానాన్నల ముందు నిలబెడితే తను మాట మార్చేస్తుందేమోనని. చాలామంది మారుస్తారు, పాపం, పక్కన తల్లి ఏడుస్తుంటే ఎవరైనా ఏం చెప్తారు. అందుకే 2024 మార్చిలో సుప్రీంకోర్టు హైకోర్టులకి స్పష్టంగా చెప్పింది: ఇలాంటి కేసులు త్వరగా వినాలి, అమ్మాయితో జడ్జి విడిగా మాట్లాడాలి, ఇంటివాళ్ల ఒత్తిడి పడకుండా చూడాలి, కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే పని పెట్టుకోకూడదు. మీ లాయర్‌కి ఈ మార్గదర్శకాలు పిటిషన్లోనే ఎత్తి రాయమను. అందరు లాయర్లకీ తెలియదు, తెలియదని ఒప్పుకోరు కూడా.

ఒక్కటి మాత్రం చేయొద్దు. నలుగురు ఫ్రెండ్స్‌ని వేసుకుని కారులో ఆ ఊరికి వెళ్లొద్దు. సినిమాలో బాగుంటుంది, బయట కిడ్నాప్ కేసవుతుంది. ఇక నువ్వడిగిన చివరి మాటకి, ఆ పిటిషన్లో పిటిషనర్ అని ఉన్న చోట నీ పేరు రాస్తారమ్మా. ఎవరూ కాని వాళ్ల పేరు అక్కడ రాయరు.

ప్రశ్న: యాప్‌లో పరిచయమైన వ్యక్తిని కలవడానికి వెళ్తే ఇంకో ముగ్గురొచ్చి వీడియో తీశారు. 18,000 ఫోన్‌పే చేయించుకున్నారు. ఇంకా కావాలి, లేదంటే 377 కేసు పెట్టిస్తాం, మీ ఆఫీసుకి పంపిస్తాం అంటున్నారు. బతకాలని లేదు.

జవాబు: చివరి వాక్యం గురించి ముందు. ఇవాళే 14416కి ఫోన్ చేసి మాట్లాడండి, టెలీ మానస్ అని ప్రభుత్వం మనసు బాగోలేనివాళ్ల కోసం పెట్టిన లైను, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ మనిషి అనుకునే ఒక్కరికైనా చెప్పండి. ఒంటరిగా ఉండకండి.

ఆ వెధవలు చెప్తున్న 377, అంటే స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి సెక్షనే ఇప్పుడు లేదు. ఇష్టపడి కలిసిన మేజర్లకి అది 2018లోనే పోయింది, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షన్ మొత్తానికే ఎత్తేశారు. (ఎత్తేసిన తీరు మీద నాకు కోపం ఉంది. మగవాడి మీద మగవాడు అత్యాచారం చేస్తే పెట్టడానికి సరైన సెక్షన్ లేకుండా పోయింది. అది ఇంకోసారి.) నేరం చేసింది వాళ్లు, బెదిరించి డబ్బు గుంజడం, అదే సంహితలో 308. ఇంకో రూపాయి పంపకండి, ఒకసారి పంపినవాడు మళ్లీ పంపుతాడని వాళ్లకి తెలుసు. చాటింగ్ డిలీట్ చేయకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఇప్పుడే చెప్పండి, ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపడానికి అంత వీలు. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్లడానికి భయమైతే లాయర్‌ని వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి. మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం. వచ్చే వేసవిలో తనతో ఉంటున్న అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని చెప్పాడు. ఆర్నెల్లు ఏడ్చి ఇప్పుడు కాస్త తేరుకున్నాం. మావారి స్నేహితుడైన డాక్టరు ఇండియాకి పంపిస్తే మందులతో మారుస్తానంటున్నారు. అసలు ఆ పెళ్లి ఇక్కడ చెల్లుతుందా? బంధువులకి చెప్పాలా?

జవాబు: డాక్టరుగారి సంగతి ముందు తేలుద్దాం. దీనికి మందు లేదు, ఎందుకంటే ఇది రోగం కాదు. మారుస్తామని చెప్పడం వృత్తిపరమైన తప్పిదమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకి రాసింది, మద్రాసు హైకోర్టు గట్టిగా అడిగాక. కాబట్టి ఈసారి ఆయన ఆ మాటెత్తితే కాఫీ ఇచ్చి పంపించేయండి.

అమెరికాలో ఆ పెళ్లి మామూలు పెళ్లే. 2015 జూన్ 26న అక్కడి సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లుతుందని చెప్పింది. వీసాలో, గ్రీన్ కార్డులో, ఇన్సూరెన్స్‌లో, హాస్పిటల్లో ఒకరికొకరు ఏమవుతారో రాసుకోవడానికి గడి ఉంటుంది. ఇండియాలో మాత్రం చెల్లదు, ఇక్కడ రిజిస్టర్ చేయించడానికీ వీల్లేదు. అంటే విమానం దిగగానే మీవాడు మళ్లీ బ్రహ్మచారి. వినడానికి నవ్వొస్తుంది గానీ, తెనాలిలో ఇల్లో పొలమో అతని పేరు మీద రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. అతనికేమన్నా అయితే ఇక్కడి ఆస్తి మళ్లీ మీకే వస్తుంది, ఆ అబ్బాయికి రాదు. అతనికి చెందాలనుకుంటే ఇక్కడి ఆస్తికి ఇక్కడ వీలునామా రాయమనండి, ఈసారి సెలవులకొచ్చినప్పుడు.

బంధువులకి చెప్పాలా అన్నది నేను చెప్పలేను. నాకు తెలిసిన ఒకావిడ మాత్రం ‘మావాడు అక్కడే చేసుకున్నాడు’ అని ఊరుకుంది, ఎవరినని ఎవరూ అడగలేదు, కట్నం ఎంతని మాత్రం ఇద్దరు అడిగారట. వీలైతే పెళ్లికి వెళ్లండి. వీసా అపాయింట్‌మెంట్‌కి ఇప్పుడే ప్రయత్నిస్తే గానీ వేసవికి దొరకదు.

ప్రశ్న: పెళ్లయి ఏడాదిన్నర. ఆయన నన్నొక్కసారీ ముట్టుకోలేదు. ఐదు నెలల కిందట ఫోన్ చూసి తెలుసుకున్నా, ఆయనకి మగవాళ్లంటేనే ఇష్టం. పెళ్లికి ముందే వాళ్లింట్లో తెలుసంట. నేనేం తప్పు చేశాను?

జవాబు: ఏం తప్పూ చేయలేదు. ఈ సంచికలో ఆయనలాంటివాళ్ల పక్షాన ఇంత రాశాను, అయినా మీ విషయంలో సందేహం లేదు, మిమ్మల్ని మోసం చేశారు. పెళ్లైతే కుదురుకుంటాడులే అని ఒక అమ్మాయిని మందులా వాడారు. అతను భయపడి ఒప్పుకునుండొచ్చు, అది అతని కష్టం, మీరు మోయక్కర్లేదు.

మీకు గడువుంది, అది దాటనివ్వకండి. ముఖ్యమైన విషయం దాచి పెళ్లి చేస్తే ఆ పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద అడగొచ్చు, కానీ మోసం తెలిసిన ఏడాదిలోపే వేయాలి, తెలిశాక ఇష్టపూర్వకంగా కాపురం చేసి ఉండకూడదు. ఐదు నెలలు అయిపోయాయి. ఆయన ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో విడాకులు ఇంకా ప్రశాంతం. బంగారం, పెట్టిన సామాను, పెళ్లి ఖర్చు ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. విచారణ గది తలుపులు మూసి జరుపుతారు, కాబట్టి నలుగురిలో పరువు పోతుందని ఆగకండి. ఆయన చాటింగ్ స్క్రీన్‌షాట్లు మీ లాయర్‌కి ఇవ్వండి, ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకండి. కోపంలో ఎంత సబబనిపించినా.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పై పోర్షన్‌లో ఇద్దరమ్మాయిలు రెండేళ్లుగా అద్దెకున్నారు. వాళ్లు ‘అలాంటి’వాళ్లని ఎదురింటాయన చెప్పి ఖాళీ చేయించమంటున్నాడు. అద్దె మూడో తారీకుకల్లా ఇస్తారు. మా ఆవిడకి షుగర్ పడిపోయిన రాత్రి ఆటో మాట్లాడింది వాళ్లే. చట్టం ఏమంటుంది?

జవాబు: మాస్టారూ, చట్టం ఖాళీ చేయించమనీ అనదు, వద్దనీ అనదు. సొంత ఇల్లు ఇలాంటివాళ్లకి ఇవ్వనంటే ఆపే చట్టం మన దగ్గర లేదు, అగ్రిమెంట్ ప్రకారం నోటీసిస్తే వాళ్లు వెళ్లాల్సిందే. నీళ్లో కరెంటో ఆపేసి వెళ్లగొడితే మాత్రం మీ మీదే కేసు. వాళ్లిద్దరూ కలిసుండటం నేరం కాదు కాబట్టి మీ మీదకి ఏ పోలీసూ రాడు, ఆ భయం ఉంటే తీసేయండి. ఎదురింటాయన అద్దె ఇస్తానన్నాడా?

అగ్రిమెంట్ మార్చితో అయిపోతుందని రాశారు, అందులో ఒకమ్మాయి పేరే ఉందని కూడా. కొత్తదాంట్లో ఇద్దరి పేర్లూ రాయించండి. ఒకరికేమన్నా అయితే రెండో అమ్మాయి సామానుతో రోడ్డు మీద నిలబడక్కర్లేదు, అద్దె ఎవరిని అడగాలో మీకూ తెలుస్తుంది.